ఏడు మడుగుల దోన్ నో

దోన్ ఎలాదియో, మన లెక్కలో ఎలాదియోగారు, 'నో' అంటాడు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మరో దేశంలోనైతే దాన్ని జబ్బని ఎవరూ అనరు. కోస్తారికాలో మాత్రం అది చొక్కా లేకుండా చర్చికి వెళ్లడంతో సమానం.

నేను చాలా దేశాల్లో నిరాకరణలు తిన్నవాణ్ణి. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే ఔనని అర్థమట. తెలియక, వద్దు వద్దని ఊపి ఊపి మూడు గిన్నెల సూపు తాగాను. మన తెలుగులోనైతే లేదు, కాదు, వద్దు, కూడదు, కుదరదు అని పెట్టెలో చీరల్లా సందర్భానికొకటి ఉంది. పాపం, వీళ్లకున్నది ఒకే ఒక్క ముక్క, 'నో'. ఉన్న ఆ ఒక్కదాన్నీ మా లా ఫోర్తూనా ఊరి జనం పగిలిపోతుందేమోనని అటకెక్కించారు. ట్రాక్టరు అడిగినా "తప్పకుండా", పిల్లనడిగినా "చూద్దాం" అంటారు. ఆ తర్వాత వారం రోజులు మీ వీధిలోకి రారు. అర్థం చేసుకోవాల్సింది మీరే.

అరెనాల్ అగ్నిపర్వతం కింద ఏడు మడుగుల వేడినీళ్ల విడిది ఒకటుంది. కొండలోంచి పొగలు కక్కుతూ వచ్చే నీళ్లు పై మడుగులో పడి, దారిలో సెలయేటి చల్లదనం కలుపుకుంటూ, ఏడో మడుగుకు వచ్చేసరికి పసిపిల్లల స్నానానికి పనికొస్తాయి. కాలువల్లో చెక్కపలకలు ఎత్తీ దించీ ఆ కలుపుడంతా చూసేది దోన్ ఎలాదియో. ముప్పై ఒక్క ఏళ్లుగా మోచెయ్యి ముంచి వేడి చెబుతున్నాడు. వేడితోపాటు అడిగినవాళ్లకు నిజం కూడా చెబుతాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఒకసారి కెనడా నుంచి కొత్త దంపతులు వచ్చారు. అగ్నిపర్వతం కనిపించే గదే కావాలని తీసుకున్నారు. కిటికీ తీస్తే తెల్లటి మబ్బు, మూస్తే తెల్లటి తెర. "రేపు కనబడుతుందా?" అని అడిగితే, రిసెప్షన్ బల్ల దగ్గరుండే మారియెలోస్ నాలుగు రోజులూ "ఇదిగో, ఇప్పుడే విడిపోతుంది!" అంది. ఐదో రోజు వాళ్లు దోన్ ఎలాదియోను పట్టుకున్నారు.

"రేపు కొండ కనబడుతుందా?"

"నో."

"ఎల్లుండి?"

"నో."

"మరెప్పుడండీ కనబడేది?"

"మీరు వెళ్లిపోయాక."

అన్నట్టే వాళ్ల బండి మలుపు తిరగగానే మబ్బు తొలగి, కొండ కొత్త పెళ్లికొడుకులా నిలబడింది.

మరోసారి రాజధాని నుంచి పెద్ద మనిషొకాయన వచ్చి, పై మడుగులో గంటసేపు కూర్చుంటానన్నాడు. "నో," అన్నాడు దోన్ ఎలాదియో. "నేనెవరో తెలుసా?" "నో." "నా గుండెకు ఈ నీళ్లు మంచివని నా డాక్టరే చెప్పాడు!" "ఆయన ఈ నీళ్లలో దిగాడా?" పెద్ద మనిషి కాసేపు నీళ్లు నమిలి, నాలుగో మడుగులో మర్యాదగా కూర్చున్నాడు.

వంటావిడ దోన్యా హెర్మీదా, ఏడేళ్లుగా నేను అద్దెకున్న ఇంటావిడే, ఒకనాడు ముచ్చటపడి, "సూపు బాగుందా?" అని అడిగింది. "నో." ఆవిడ రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. సూపు మాత్రం బాగుపడింది.

కెనడా దంపతులు ఊరుకోకుండా ఆయనమీద ఫిర్యాదు రాశారు. అది విడిది యజమానురాలు దోన్యా ఒతీలియాకు చేరింది. సాన్ హోసేలో ఉండే ఆ విధవరాలు "ఆ ముసలాయన్ని పంపించెయ్" అని కొత్త మేనేజరు ఫాబ్రీసియోకు ఫోను చేసింది. ఫాబ్రీసియో చదువుకున్నవాడు, మెత్తనివాడు, కుక్కను కూడా 'మీరు' అంటాడు. తండ్రి వయసువాణ్ణి పొమ్మనడానికి నోరు రాక, వంటింటి గోడకు ఓ కాగితం అంటించాడు. అతిథులతో వాడదగిన మాటలు: "తప్పకుండా", "చూద్దాం", "ఎంతో సంతోషంగా". అడుగున 'నో' అని రాసి, దానిమీద ఎర్రగా అడ్డగీత.

"దోన్ ఎలాదియో, గోడమీద కాగితం చదివారా?"

"నో."

"చదివి సంతకం పెడతారా?"

"నో."

"పోనీ, ఆ మాట అనకుండా ఉండే ప్రయత్నమైనా..."

ముసలాయన నిజాయితీగా ఆలోచించాడు. నీళ్లవంక చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"నో," అన్నాడు.

దాంతో మేనేజరు రెండో కాగితం తయారుచేశాడు. 'దోన్ ఎలాదియోతో పని చేయడం మాకు కష్టంగా ఉంది, ఆయనకు విశ్రాంతి ఇప్పించగలరు' అని. మిగతా పదకొండు మంది పనివాళ్లూ శనివారంలోగా సంతకాలు పెట్టాలి. పెడితే ముప్పై ఒక్క ఏళ్ల కొలువు పోయినట్టే. పెడతారా అని అడిగితే పదకొండు మందీ ఒకే గొంతుతో "ఎంతో సంతోషంగా!" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. శుక్రవారం పొద్దున్నే, ఈ ద్రోహం సంగతి ఆయనకు చెప్పేద్దామని పై మడుగు పక్కనున్న రేకుల పాకకు వెళ్లాను. తీరా చూస్తే అక్కడ వరస కట్టి పదకొండు మందీ నిలబడి ఉన్నారు. మొదట దోన్యా హెర్మీదా.

"దోన్ ఎలాదియో," అందావిడ, రెండేళ్ల మౌనం విప్పుతూ, "ఆ కాగితంమీద నేను సంతకం పెట్టనని మేనేజరుగారికి కాస్త మీరు చెప్పిపెట్టాలి."

"ఏ కాగితం?"

"మిమ్మల్ని తీసేసే కాగితం."

ఆయన తలూపాడు. వెనక నుంచి మారియెలోస్ ముందుకొచ్చింది. "నాదీ అదే పనండీ. పోయినేడు ఆ పాలవ్యాన్ అతను పెళ్లంటూ వెంటపడితే వెళ్లి నా బదులు 'నో' చెప్పొచ్చారే, అలాగే."

"మా బావమరిది ఆర్నెల్లు మా ఊయల మంచం దిగకపోతే మీరేగా వచ్చి దింపింది," అన్నాడు తోటమాలి నౌతీలియో. "ఈ ఒక్కసారికి నాదీ చెప్పండి."

అప్పటికిగానీ నాకు తెలియలేదు. ముప్పై ఏళ్లుగా ఊరంతా నోరు విప్పలేని చోటల్లా నోరయింది ఈయనే. ఏడేళ్లు పక్కనే ఉండి నేను చూసింది ఆయన మోచెయ్యిని మాత్రమే.

దోన్ ఎలాదియో రబ్బరు బూట్లు విప్పాడు. ఉతికిన చొక్కా తొడిగాడు. టోపీ పెట్టుకుని కిందికి దిగాడు. నేను ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాను, సిగ్గు లేకుండా.

తలుపు తట్టాడు. "దోన్యా హెర్మీదా సంతకం పెట్టదు. నో." బయటికొచ్చి తలుపేశాడు. మళ్లీ తట్టాడు. "మారియెలోస్. నో." మళ్లీ బయటికి. మళ్లీ తట్టాడు.

ఐదోసారికి ఫాబ్రీసియో నుదురు పట్టుకున్నాడు. "అయ్యా, మీకు దణ్ణం! అందరిదీ కలిపి ఒకేసారి చెప్పేయొచ్చుగా?"

"నో. ఎవరి నో వాళ్లది."

పదకొండోది పూర్తయ్యేసరికి ఫోను మోగింది. దోన్యా ఒతీలియా గొంతు కిటికీ దాకా వినబడుతోంది: "పంపించేశావా లేదా?"

"అంటే... అమ్మగారూ... చూద్దాం... ఇదిగో, ఇప్పుడే..." ఫాబ్రీసియో ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి, ఎదురుగా టోపీ పట్టుకు నిలబడ్డ మనిషి వంక చూశాడు.

"దోన్ ఎలాదియో," అన్నాడు మెల్లగా, "మీకు శ్రమ కాకపోతే... నాదొకటి."

ముసలాయన ఫోను అందుకున్నాడు. "నో, అమ్మగారూ. పంపించలేడు," అన్నాడు.

అవతల ఆవిడ గొంతు తగ్గించి ఏదో మాట్లాడింది. ఆయన వింటూ ఉండిపోయాడు. మధ్యలో ఒకసారి "ఆ 'నో' అనేది నేనేనండీ," అన్నాడు. ఫోను పెట్టేశాడు.

"ఏమన్నారు?" అన్నాడు ఫాబ్రీసియో.

"వాళ్ల అల్లుడట. ఈ మడుగులు పూడ్చి జారుడుబల్లలు కట్టిస్తానని రెండేళ్లుగా ప్రాణం తీస్తున్నాడట. ఆవిడకేమో నోరు రావట్లేదు. ఆదివారం భోజనానికి అతనూ వస్తున్నాడట."

టోపీ తలమీద సర్దుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"సాన్ హోసేకి మొదటి బస్సు ఎన్నింటికి?"