రేణుక గోరు, నా మూడో నిబంధన

1989 జూన్‌లో నన్ను నీలం నగర్ కరాటే శాఖకు సహాయ శిక్షకుడిగా వేశారు. అప్పటికి నాది బ్రౌన్ బెల్టు, అంటే నల్ల బెల్టుకు ముందు మెట్టు. నేర్పవచ్చు, పరీక్ష పెట్టకూడదు. పగలు అక్కల్‌కోట్ రోడ్డు మీద ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాల మరమ్మతు చూసేవాణ్ణి. టెక్స్‌టైల్ డిప్లొమా చదివింది అందుకే. క్లాసు ఆది, బుధవారాల్లో సాయంత్రం ఐదున్నరకు, సిమెంటు నేల మీద. మోకాలు చెడిపోయి ముప్పై ఒకటో ఏటనే శిక్షకుడిగా విరమించాను.

కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఒక కాగితం ఇచ్చేవాణ్ణి. అందులో ఏడు నిబంధనలు. ఒకటి, తిన్న రెండు గంటల తరవాతే రావాలి. రెండు, గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. మూడు, గోళ్ళు కత్తిరించుకోవాలి. మిగతావి ఇక్కడ అవసరం లేదు. మూడోదానికి కారణం, పొడవు గోరు ఎదుటివాళ్ళ కంటికి తగలవచ్చు. గాజుల గురించి ఆడవాళ్ళు వాదించారు. మీద రుమాలు కట్టుకొమ్మని సర్దుకున్నాను. గోళ్ళ గురించి ఎవరూ వాదించలేదు. అది అనుమానించవలసిన మౌనమని నాకు తట్టలేదు.

ఆడవాళ్ళ బ్యాచిలో ఆరుగురు. అందరూ ఇంట్లో బీడీలు చుట్టేవాళ్ళే. పొద్దంతా నేల మీద కూర్చుని పనిచేసేవాళ్ళకు తుంటి కీళ్ళు బాగా వంగుతాయి, కిందికి దిగి నిలబడే భంగిమలు త్వరగా వస్తాయి. మెడ మాత్రం ముందుకు వాలి ఉంటుంది. అలాంటివాళ్ళు గుద్దు నేర్చుకునే ముందు కొన్నాళ్ళు గోడకు వీపు, తల ఆనించి నిలబడడం సాధన చేయాలి. మగ్గం దగ్గర నిలబడేవాళ్ళకు ముందు తుంటి సంగతి చూడాలి.

ఆరుగురిలో రేణుక చురుకైనది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. రోజూ చుట్టిన బీడీలు బుట్టలో పెట్టుకుని బీడీ కంపెనీ శాఖకు ఒక్కతే నడిచి వెళ్ళేది. దారిలో ఒకడు కొంగు పట్టి లాగాడట. అందుకే చేరింది. రెండో ఆదివారం ఆమె కుడి బొటనవేలికి పొడవాటి గోరు కనిపించింది. జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి ఇచ్చాను. ఆమె కట్టర్‌ను కాసేపు చూసి, "అందరికి గిదే రూలా సారూ?" అని అడిగింది. అందరికీ అన్నాను. కత్తిరించుకుంది.

మరుసటి ఆదివారం రేణుక రాలేదు. ఆమె అత్త నర్సవ్వ వచ్చింది.

"గోరు కోపిచ్చిన సారువు నువ్వేనా?"

నేనే అన్నాను.

"శాన మంచిగ జేసినవ్. ఇగ నీ పిడికిలితోని బీడీ మూతి మల్సు, చూస్త."

చుట్టిన బీడీ మూతిని లోపలికి మడిచి మూసేది ఆ గోరేనట. మా ఇంట్లో ఆడవాళ్ళు మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్ళు. బీడీ మూతి ఎలా మూస్తారో నేనెప్పుడూ గమనించలేదు. కంపెనీ చెకర్ ఆ వారంలో మూడుసార్లు రేణుక బీడీలను 'ఛాట్' అని, అంటే పనికిరావని, పక్కన పారేశాడు. శనివారం దాకా చూసి, అప్పటికీ ఇలాగే ఉంటే కార్డు బంద్ చేస్తానన్నాడు. కార్డు పోతే ఆకు, తంబాకు ఇవ్వరు. ఇల్లు నడిచేది దాని మీదే.

గోరు మళ్ళీ రావడానికి ఎన్నాళ్ళని నర్సవ్వ అడిగింది. నెలకు మూడు మిల్లీమీటర్లు, కావలసింది ఆరు, కనక రెండు నెలలని లెక్క చెప్పాను.

"శనివారానికి ఆరు దినాలే ఉన్నయ్. నీ లెక్కను జర జల్ది నడిపియ్" అంది.

సోమవారం డబ్బా రేకు కత్తిరించి, బొటనవేలికి తొడుక్కునే గోరు చేశాను. రేణుక ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే ఆకు చిరిగింది. "గిది బీడీలకా, గొర్రెలు కోసేటందుకా సారూ?" అంది రేణుక. మంగళవారం సైకిలు చువ్వను సాగగొట్టి మరొకటి చేశాను. అది ఆకు మీద నిలవకుండా జారింది. గడపలో కూర్చున్న నర్సవ్వ, ఈ లెక్కన అసలు గోరే ముందు వచ్చేట్టుందంది.

గురువారం కార్ఖానాలో, పాడైపోయిన మగ్గం అచ్చు ఒకటి విప్పుతుండగా దారి దొరికింది. పడుగు పోగులను, అంటే నిలువు దారాలను, విడివిడిగా పట్టి ఉంచే అచ్చులో సన్నటి ఉక్కు పుల్లలు వరసగా ఉంటాయి. పోగు తెగకూడదు గనక వాటి అంచులు నునుపుగా ఉంటాయి. పోగును తెంచనిది ఆకునూ చింపకూడదు. ఒక పుల్లను విరిచి, కొన వంచి, రేకు ఉంగరానికి అతికించాను. సాయంత్రం రేణుక దానితో పది బీడీలు మూసింది. ఒక్క ఆకూ చిరగలేదు. "నడుస్తది" అంది.

శనివారం చెకర్ బుట్టంతా తిరగేసి చూసి, లోపలికి తీసుకున్నాడు. కార్డు నిలిచింది.

ఆదివారం రేణుకతోపాటు మిగతా ఐదుగురూ వచ్చి, తమకూ ఉక్కు గోళ్ళు కావాలని, అవుంటే సొంత గోళ్ళు కత్తిరించుకుంటామని చేతులు చాపారు. అయిదు చేతులకూ పొడవాటి గోళ్ళున్నాయి. అవి నాకు కనపడకుండా ఇన్నాళ్ళూ బొటనవేలిని పిడికిలి లోపల దాచుకున్నారు. అలా గుద్దితే ముందు విరిగేది ఆ వేలే. అందుకే మూడు వారాలుగా 'బొటనవేలు బయటికి' అని అరుస్తూనే ఉన్నాను. వాళ్ళు తలలూపి, నేను పక్కకు తిరగగానే మళ్ళీ లోపలికి పెట్టుకునేవాళ్ళు. గోరు దాచకుండా చేయి చూపింది రేణుక ఒక్కతే, నష్టపోబోయిందీ ఆమె ఒక్కతే.

ఆరు నెలల తరవాత రేణుక మొదటి బెల్టు పరీక్ష రాసి... అంటే ఆడి, తప్పింది. కాళ్ళ వరస తప్పు. రెండోసారి నెగ్గింది. దారిలోవాడి సంగతి అడిగాను. "కనవడ్డడు సారూ. బుట్ట కింద వెట్టి నిలబడ్డ. పక్క గల్లీలకు మల్లిండు" అంది.

నేర్చుకునేవాళ్ళకు చెప్పేది: శిక్షకుడి మాట మీ పనికి అడ్డమైతే మొదటి రోజే నోరు విప్పండి. నేర్పేవాళ్ళకు చెప్పేది: ఒకే తప్పును ఐదుగురు కలిసి చేస్తుంటే వాళ్ళకు అర్థం కాలేదనుకోకండి, కారణముందనుకోండి. అడగడానికి అర నిమిషం పడుతుంది.