పెళ్లిచూపుల్లో మోటరు బాగైంది

పొద్దున మబ్బు పట్టింది, చినుకు రాల్చకుండానే పోయింది. వేరుశనగలో కలుపు తీసి ఇంటికొచ్చేసరికి కోస్గి నుంచి యాదగిరి, వాళ్లమ్మ వచ్చి కూర్చున్నారు. మా అన్న కూతురు సుజాతను చూడటానికి వచ్చారు. యాదగిరిది బొంబాయిలో ఓడల పని. సముద్రం మీద తిరిగేవాడికి పిల్లనివ్వనని అన్న నిన్ననే అన్నాడు.

"నేను ఓడల తిరిగెటోన్ని కాదు మామా. పని ఒడ్డుమీదనే. సముద్రంల చమురు బావులకు సామాను మోసే పాత ఓడను మంటలార్పే ఓడగ మారుస్తున్నం. దానికి పెద్ద పంపులు బిగిస్తున్న," అన్నాడు యాదగిరి.

"పంపులా? ఎన్ని హార్స్‌పవర్?" అన్న ముందుకు జరిగాడు. "మా బాయి మోటరు మొన్నటి సంది నీళ్లు ఎత్తుతలేదు. జర చూస్తవా?"

పెళ్లిచూపులు బావి దగ్గరికి మారాయి. యాదగిరి కొత్త చొక్కాతోనే దిగి, పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వులో ఇరుక్కున్న గుడ్డపేలిక తీశాడు. కరెంటు వచ్చాక సుజాత స్టార్టర్ నొక్కింది. పైపు నిండా నీళ్లు దూకాయి.

"ఇప్పుడేమంటవు బిడ్డా?" అన్నాడు అన్న.

"సరే అని చెప్పు నాయినా," అంది సుజాత, స్టార్టర్ మీది నుంచి చెయ్యి తీయకుండానే.

కాబోయే అల్లుణ్ణి మొదటిరోజే బావిలోకి దింపినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, అన్నకు ధైర్యంగా ఉంటుంది.

సాయంత్రం అయిదు గంటల బస్సుకు యాదగిరి మా అన్న చొక్కా వేసుకొని, తల్లితో కలిసి కోస్గి వెళ్లిపోయాడు.