అమ్మ తోమిన రేకు

ఎమ్మెస్సీ చివరి ఏడాది రాజమండ్రిలో నా మధ్యాహ్నాలన్నీ ఒక గాజు పాత్ర ముందే గడిచాయి. అందులో వంటసోడా కలిపిన నీళ్లు, తగరం పూసిన రాగి రేకు ఉండేవి. చెరకు మడ్డి పులిసేటప్పుడు పట్టి సిలిండర్లో నింపిన కార్బన్ డయాక్సైడ్‌ని, సోడా కొట్టువాళ్ల దగ్గర్నుంచి తెచ్చి, ఆ నీళ్లలోకి వదిలేదాన్ని. కరెంటు ఇస్తే అది ఫార్మిక్ ఆమ్లానికి ముడిసరుకయ్యేది. కిటికీలోంచి గోదావరి గాలి వీస్తుంటే, పైకి తేలే బుడగల్ని చూస్తూ సగం కలలో ఉండేదాన్ని.

రేకుకి తగరం పూసింది మా వీధికొచ్చే కళాయి ఆయన. అలాంటిదే ఇంకోటి చేయించాలని, నల్లబడిన ఆ రేకుని ఇంటికి తెచ్చి గట్టుమీద పెట్టాను. అమ్మ దాన్ని ఇత్తడి సామానుతో కలిపి చింతపండు, ఇసుక వేసి తోమేసింది. తగరం పోయి ఎర్రటి రాగి తేలింది.

"ఎలా మెరుస్తోందో చూడు," అంది.

ఆ వారమంతా అమ్మతో మాట్లాడలేదు.

ఆ కోపంతోనే ఉత్త రాగి రేకునే పాత్రలో పెట్టాను. ఆమ్లం జాడ లేదు. పైకొచ్చే గాలిని సంచిలో పట్టమన్నారు మా సారు. రాగి మీద అదే కార్బన్ డయాక్సైడ్ కొంత ఇథిలీన్‌గా మారుతుందట. అరటికాయల్ని మాగబెట్టేది ఆ వాయువే. నమ్మకం కుదరక ఒక పచ్చి అరటికాయని ఆ సంచిలో పెట్టి మూతి కట్టాను. బయట పెట్టిన ఇంకో కాయ ఇంకా పచ్చగానే ఉండగా, సంచిలోది పసుపెక్కింది.

దాన్ని అమ్మ చేతిలో పెట్టి జరిగిందంతా చెప్పాను. అమ్మ తొక్క ఒలిచి, సగం తుంచి నాకిచ్చింది.

"నిన్నూ ఆ సంచిలో పెట్టాల్సింది. కాస్త మెత్తబడేదానివి," అంది.