మునెమ్మ పింఛనుకు నేను పట్టించిన గతి

ఒక ముసలమ్మకు రావలసిన పింఛనును, ఎవరి సాయమూ లేకుండా, కేవలం నోటితో ఆపించిన ఘనత నాది. లంచం అడగలేదు. కాగితాలు చింపలేదు. ఉపన్యాసం ఇచ్చాను, అంతే. తీరిక ఉన్నవాళ్లు కూర్చుని వినండి, నవ్వొస్తే నవ్వండి. నాకూ సగం నవ్వు వస్తుంది. మిగతా సగం ఇప్పటికీ గొంతులోనే ఆగిపోతుంది.

ఎమర్జెన్సీ పోయి జనానికి నోళ్లు తిరిగొచ్చిన రోజులవి. నా నోరు మాత్రం ఎప్పుడూ ఎక్కడికీ పోలేదు. అప్పటికి పెళ్లి కాని కుర్రవాణ్ణి, పగలు తిరుపతిలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. సాయంత్రం మా హేతువాద సంఘం తరఫున వీధి చివర బల్ల వేసుకుని మూఢాచారాలను చీల్చి చెండాడేవాణ్ణి. కొండకు పోయే జనంతో కిటకిటలాడే ఊళ్లో ఆ పని చేయడమంటే, పెళ్లి భోజనాల బంతిలో నిలబడి ఉపవాసం గొప్పతనం వివరించడమే. వినేవాడు ఉండడు సరికదా, "కొంచెం పక్కకు జరగప్పా, బస్సుకు పోవాల" అనేవాళ్లు.

ఇట్లా లాభం లేదని ఒక ఉపాయం పన్నాను. రిటైరైన చిన్న ఉద్యోగులకు పింఛను అర్జీలు ఉచితంగా రాసిపెట్టడం మొదలుపెట్టాను. అర్జీ రాస్తూ రాస్తూ మధ్యలో దేవుడు లేడని చెప్పేవాణ్ణి. ముసలివాళ్లు రెండింటికీ తల ఊపేవాళ్లు. పని అయ్యాక కొండకు వెళ్లి మొక్కు తీర్చుకుని, నాకు లడ్డూ తెచ్చి ఇచ్చేవాళ్లు. లడ్డూ పదార్థమే కనుక తినేవాణ్ణి.

అలా వచ్చినవాడే మునిరత్నం. ఒక ప్రభుత్వ కార్యాలయంలో బంట్రోతుగా చేసి దిగిపోయినవాడు. అతని పింఛను నేనే తెప్పించాను. నా జీవితంలో నోరు మూసుకుని చేసిన మంచిపని అదొక్కటే. పాపం, ఎక్కువ కాలం తినలేదు, పోయాడు. రూలు ప్రకారం అందులో కొంత భాగం అతని భార్య మునెమ్మకు రావాలి. మునెమ్మ తిరుచానూరులో గుడి దారిలో కనకాంబరాలు మాలకట్టి అమ్మేది. పూల మీద వచ్చేది తిండికి సరి. ఇంటి అద్దెకు పింఛనే దిక్కు. అది రాకపోతే చంద్రగిరిలో మరిది చెంగల్రాయుడి పంచన చేరాలి. ఆయన అప్పటికే పశువుల కొట్టం పక్కన చాప పరిచే చోటు కూడా చూపించాడట.

కర్మాంతరం రోజున నేను పరామర్శకు వెళ్లాను. ముసలమ్మను పీట మీద కూర్చోబెట్టి బొట్టు తుడవడానికి, గాజులు పగలగొట్టడానికి సిద్ధమవుతున్నారు. నాలోని వక్త లేచి నిలబడ్డాడు.

"ఆపండి! ఈమె పుట్టిననాటి నుంచీ బొట్టు పెట్టుకుంటోంది. మధ్యలో వచ్చిన మొగుడు పోతూ పోతూ దాన్ని ఎలా పట్టుకుపోతాడు?"

"ఏందబ్బా నువ్వు?" అన్నాడు చెంగల్రాయుడు. "సావింటికొచ్చి మీటింగు పెడతాండావు! ఇది పెద్దోళ్ల నాటి ఆచారం."

"పెద్దవాళ్లు చేసిందల్లా చేస్తారా? మీ తాత పంచె మీద చొక్కా వేసుకున్నాడా? మీరెందుకు వేసుకున్నారు?"

ఆయన తన చొక్కా వంక ఒకసారి చూసుకున్నాడు. అంతలో మునెమ్మే పీట మీంచి లేచింది.

"అయివోరు సెప్పేది నాయంగానే ఉండాది. నేను తుడుసుకోను పో."

మావైపు పంతుళ్లను అయివోరని పిలుస్తారు. ఆ పిలుపు విని, చరిత్ర గతి మార్చినవాడిలా సైకిలెక్కి తిరుపతి చేరాను. దారి పొడుగునా నాకు నేనే చప్పట్లు కొట్టుకోవాలనిపించింది, హ్యాండిలు వదలలేక ఊరుకున్నాను. ఆమె అసలు కారణం చాలా రోజులకు గానీ చెప్పలేదు. "బోడి నొసలేసుకోని కూసుంటే అమ్మోరికి పూలు ఎవురు కొంటారు నా దెగ్గిర?" నా వాగ్ధాటిలో ఒక్క ముక్క కూడా ఆమె చెవికి ఎక్కలేదన్నమాట.

అర్జీ పెట్టాం. ఒక రోజు పింఛను సెక్షన్ గుమాస్తా విచారణకని తిరుచానూరు వెళ్లి, ఆమెను ఎగాదిగా చూసి, చెంగల్రాయుణ్ణి కూడా అడిగి, ఏదో రాసుకుని పోయాడు. ఆ తరువాత అర్జీ కదల్లేదు. నేను ఆఫీసుకు వెళ్లాను.

"రాదు సార్," అన్నాడాయన తాంబూలం నములుతూ. "ఆయమ్మ మళ్లా పెండ్లి చేసుకునుండాది. చేసుకుంటే పింఛను లేదు, అది రూలు."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు సెప్పేదేంది? నా కండ్లతో సూసినా. నొసట రూపాయి బిళ్లంత బొట్టు, చేతినిండా గాజులు, కొప్పునిండా పూలు. మొగుడు లేకుండానే పెట్టుకునిందా?"

చదువరులారా, ఇక్కడ నేను అనవలసింది ఒకే ఒక్క మాట. "చేసుకోలేదు." ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని తోసేసి ఇంకోటి బయటికి దూకింది.

"చేసుకుంటే తప్పేముంది?"

గుమాస్తా పెన్ను మూత తీశాడు. "అయితే చేసుకునిందంటారు."

"నేను సూత్రం చెబుతున్నాను! విధవ పెళ్లి చేసుకోవడం ఆమె హక్కు!"

"నేను కాదన్నానా సార్? చేసుకునేది ఆమె హక్కు, పింఛను నిలిపేది నా డ్యూటీ."

అప్పటికైనా ఆగానా? చుట్టూ పది బల్లల వాళ్లు పని మానేసి వింటున్నారు. ఇంత నిశ్శబ్దమైన సభ నాకు జీవితంలో దొరకలేదు. "పెళ్లాం పాడె దిగకముందే మగవాడికి సంబంధాలు చూస్తారే, ఆడదానికి ఎందుకీ శిక్ష? యువకులు ముందుకు రావాలి! అవసరమైతే నేను సైతం వితంతువునే చేసుకుంటాను!" అని బల్ల గుద్దాను.

గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కర్మాంతరం నాడు బొట్టు తుడవనీకుండా అడ్డం పడింది తమరేనంట గదా?"

"నేనే!" అన్నాను, రొమ్ము విరిచి.

"దినామ్మూ ఆమె ఇంటికి వొచ్చి పొయ్యేది కూడా?"

"ఆమె పని మీద వెళతాను. దాపరికం ఏముంది?"

"ఏమీ లేదు సార్. వయసుదేముండాది, మనసులు కలవాల." రాసుకుని పెన్ను మూత పెట్టాడు.

నాకు విషయం అర్థమయ్యేసరికి మెట్లు దిగి వీధిలో ఉన్నాను. వెనక్కి పరుగెత్తి "నేను కాదు, నేను కాదు" అని మొత్తుకున్నాను. "మొదట అందురూ అట్లే అంటార్లే సార్" అన్నాడు. వార్త ఊరంతా పాకింది. మా సంఘం అధ్యక్షుడు ఇంటికొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. "వయసు అడ్డుగోడలను కూడా కూల్చావయ్యా! దండలు మావి, సభ ఎప్పుడు పెడదాం?"

మునెమ్మ మాత్రం పూలబుట్ట దించి, నా వైపు చూసి ఒకే మాట అంది. "పింఛను తెస్తావనుకుంటే మొగుణ్ణి తెచ్చి పెట్టినావే అయివోరా."

చివరికి గుమాస్తా దారి చూపించాడు. ఆమె స్వయంగా ఆఫీసుకు రావాలి, విధవలాగా రావాలి. పెళ్లి కాలేదని దగ్గరి బంధువు సాక్షి చెప్పాలి. చట్టంలో ఎక్కడుందని అడిగాను. "మీరు అడిగేకొద్దీ ఆలస్యమైతాది సార్" అన్నాడు. అప్పటికే అద్దె నిలిచి ఇంటి ఓనరు సామాను బయట పెడతానంటున్నాడు.

ఆ మాట ఆమెకు నేనే చెప్పాలి. వేల మందికి వినపడేలా అరిచిన గొంతు ఆ రోజు పిల్లికూన గొంతయింది.

"అమ్మా, ఒక్క పూటకు... ఆ బొట్టు..."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

ఆఫీసు ఆవరణలో కొళాయి దగ్గర కొంగు తడుపుకుని నొసలు తుడుచుకుంది. గాజులు సబ్బు రాసి ఒక్కొక్కటే తీసి, పూలతో కలిపి నా చేతిలో పెట్టింది. లోపలికి వెళితే గుమాస్తా ముఖం విప్పారింది. "ఇట్లుండాల. మొదలే ఇట్ల వొచ్చింటే ఈ తిప్పలేలమ్మా?" సాక్షిగా వచ్చిన చెంగల్రాయుడు వేలిముద్ర వేసి, నా వైపు తిరిగి మెత్తగా అన్నాడు. "ఆ పొద్దు నేను సెప్పింది ఇదే గదా అయివోరా? నేను సెప్తే వినకపాయె, మీరు సెప్తే వినింది."

అవును. చుట్టపక్కాలంతా కలిసి చేయలేకపోయిన పనిని నేనొక్కణ్ణే, నా నోటితోనే చేయించాను. ఆమె గాజులు నా చేతిలో ఉన్నాయి.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, అద్దం కూడా లేకుండా మళ్లీ బొట్టు పెట్టుకుంది.

"వొస్తాదా అయివోరా?"

"వస్తుందమ్మా. కానీ ఏటా ఒకసారి వచ్చి, పెళ్లి చేసుకోలేదని చూపించుకోవాలట."

"వొస్తాలే. తుడుసుకునే వొస్తా." గాజులు తీసుకుని చేతికి ఎక్కించుకుంటూ అంది, "నువ్వు మంచోడివే నాయనా. ఇంగ ఎవురికీ మంచి చెయ్యబాకు."

పింఛను వచ్చింది. ఇల్లు నిలిచింది. నేను మాత్రం ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. దేవుడి మీద ఒట్టు వేయడం నాకు కుదరదు. అందుకని, నిస్సందేహంగా ఉన్నాడని నేను కళ్లారా చూసి నిర్ధారించుకున్న ఆ గుమాస్తా మీద ఒట్టు: ఇంకొకరి కూడు బల్ల మీద ఉన్నప్పుడు ఆ బల్ల గుద్దను.