లేబుల్ గీకిన సీసా

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు మాత్రల సీసాను గోరువెచ్చని నీళ్లలో వేశాను. పది నిమిషాలు నానితే లేబుల్ పైపొర ఊడి వస్తుంది. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి, చాకు మొండివైపుతో గీకాలి. ఈ పని నాకు అలవాటే. రెండేళ్ల కిందట నా భార్య సీసాలకు ఏడు నెలల పాటు చేశాను. ఆ రోజు చేస్తున్నది మా అక్క సీసాకు.

అక్కకు వచ్చింది క్యాన్సరు. ఆ సంగతి ఆమెకు తెలియదు. వైద్యం కోసం జంగారెడ్డిగూడెం నుంచి నిడదవోలులో మా ఇంటికి వచ్చి మూడు వారాలైంది. రాజమండ్రి ఆసుపత్రికి నేనే తీసుకెళ్తున్నాను. ఆమె కొడుకు ఫోన్లో చెప్పాడు: "మావయ్యా, అమ్మకి తెలిస్తే నెల కూడా ఉండదు. అత్తకి చేసినట్టే చేసెయ్యండి. మీకు తెలుసు కదా."

నాకు తెలుసు. ఈ విషయంలో మా బంధువుల్లో నాకు పేరుంది. నా భార్య తన జబ్బు పేరు వినకుండానే పోయిందని, ఆ బాధ ఆమెదాకా రానివ్వలేదని అందరూ అంటారు. భూస్థాపన రోజున కూడా నా చేయి పట్టుకుని ఇద్దరు ముగ్గురు ఆ మాటే అన్నారు. ఆమె పోయాక నాకు మిగిలిన ఓదార్పు అదొక్కటే.

సీసా నానుతుండగా ఫోనులో పాడ్‌కాస్ట్ పెట్టాను. అక్క ఇంకా లేవలేదు, అందుకని ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఒక విశ్వవిద్యాలయం వారు తమ దగ్గర జరిగే పరిశోధనల గురించి మామూలు మనుషులకు అర్థమయ్యేలా చెప్పే పాడ్‌కాస్ట్ అది. వారానికొకటి, అరగంట. ఉప్పు నేలల్లో వరి, పాత శాసనాలు, కాలువల పూడిక, తేనెటీగలు, ఏదైనా ఉంటుంది. నెలకోసారి రాజమండ్రిలో ఉపన్యాసం కూడా పెడతారు. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ని. చదవడం తగ్గాక ఈ వినడం మొదలైంది.

నా భార్య ఉన్నప్పుడు ఇద్దరం కలిసి వినేవాళ్లం. నేను కుర్చీలో, ఆమె కూరలు తరుగుతూ. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఎవరైనా డొంకతిరుగుడుగా చెప్తే సహించేది కాదు. "ఈయన్ని ముందు ఇంటికెళ్లి వాళ్లావిడకి చెప్పి రమ్మనండి. ఆవిడకి అర్థమైతే అప్పుడు మనకి చెప్పొచ్చు" అని ఒక ప్రొఫెసరు గారిని అన్నది. డొంకతిరుగుడుగా చెప్పేవాళ్ల లెక్కలో నన్ను కూడా వేసే అందని అప్పట్లో తోచలేదు.

ఆ ఉదయం మాట్లాడింది ఒక యువ అధ్యాపకురాలు. ఇంట్లో వాళ్లు జబ్బు పేరు దాచినప్పుడు, ఆ జబ్బు మనిషి ఏం చేస్తారన్నది ఆమె విషయం. వినాలనిపించలేదు. కానీ చేతులు తడిగా ఉన్నాయి, ఫోను ముట్టుకోలేక వదిలేశాను. ఆమె కొన్ని ఆసుపత్రుల్లో రోగులు కూర్చునే హాళ్లలో, తోడు వచ్చినవాళ్లు పక్కకు వెళ్లినప్పుడు, రోగులతో మాట్లాడింది. పేర్లు, ఊర్లు చెప్పబోమని, ఒక్కొక్కరి మాటల్ని ఒక్కో వేరే గొంతుతో చదివించామని మొదటే చెప్పింది. వచ్చే శనివారం రాజమండ్రిలో ఇదే విషయం మీద తన ఉపన్యాసం ఉందని కూడా చెప్పింది.

నేను సీసా తుడిచి నూనె రాయడం మొదలుపెట్టాను. మొదట చదివే ఆవిడ గొంతు రేడియో గొంతులా శుభ్రంగా ఉంది.

"మా ఆయన వెనక గేటులోంచి తీసుకెళ్తారండి. ముందు గేటు మీద బోర్డుంటుంది కదా. అటు సైకిల్ స్టాండు బురద. ఆ బురదలో నడిపిస్తూ ఇదే దగ్గర దారంటారు."

ఇలా చాలామంది చేస్తారు అనుకున్నాను. ఆ ఆసుపత్రికి నేను కనిపెట్టిన దారి కాదది.

"మా పాస్టరు గారికైతే మరీ ఇబ్బందండి. జబ్బు పేరు ఎత్తొద్దని చెప్పి ఉంటారు. ప్రార్థనలో అక్కడికొచ్చేసరికి పాపం దగ్గు తెచ్చుకుంటారు."

మా పాస్టరు గారు దగ్గేవారు. నేను పక్కనే మోకాళ్ల మీద ఉండి, ఆయనకు జలుబు చేసిందనుకునేవాణ్ని.

"మందు సీసా మీద లేబుల్ ఉండదండి. గీకేసి తెస్తారు. సీసా కొబ్బరినూనె వాసనొస్తుంది. ఏ మందుల షాపులో సీసాకి కొబ్బరినూనె రాస్తారండి?"

నా వేళ్లకు నూనె ఉంది. సీసా చేతిలో ఉంది. లేబుల్ సగం వచ్చింది, సగం రాలేదు. ఫోనుకు నూనె అంటుకుంటుందని కూడా చూడకుండా ఆపేశాను. గోడ గడియారంలో ఏడు దాటి నాలుగు నిమిషాలైంది. తర్వాత ఎంతసేపు అక్కడ నిలబడ్డానో చెప్పలేను. కుళాయి కట్టలేదు. ఆ చప్పుడుకు అక్క లేచి వచ్చి కుళాయి కట్టి, "నీళ్లు పోతున్నాయిరా" అంది. నేను సీసాను వీపు వెనక్కి పెట్టుకున్నాను. అరవై ఏడేళ్లవాణ్ని.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక రోజు మందుల క్యూలో నిలబడి తిరిగి వచ్చేసరికి, నా భార్య బెంచీ మీద ఒక అమ్మాయితో మాట్లాడుతోంది. ఆ అమ్మాయి ఒళ్లో నోట్‌బుక్కు ఉంది. నన్ను చూసి లేచి వెళ్లిపోయింది. ఎవరని అడిగితే, "కాలేజీ పిల్లండి. ఏదో సర్వే అంట. చేపల పులుసు ఎలా పెడతారని అడిగింది" అంది. నేను నమ్మాను. దారిలో నవ్వుకున్నాం కూడా.

ఆమెకు తెలుసు. నాలుగు రోజులు నా తలలో ఇంకో మాట లేదు. బురదలో నడుస్తున్నప్పుడు తెలుసు. ప్రార్థనలో తల వంచుకున్నప్పుడు తెలుసు. "ఇది విటమిన్ లోపమేనంట" అని నేను అన్నప్పుడు, "హమ్మయ్య" అన్నది. అప్పుడూ తెలుసు. సగం గీకిన సీసాను బియ్యం డబ్బా వెనక దాచాను. అక్కకు మాత్రలు చేతిలో పెట్టి ఇస్తున్నాను.

శనివారం ప్యాసింజరెక్కి రాజమండ్రి వెళ్లాను. అక్కతో ఉపన్యాసం అనే చెప్పాను. హాల్లో ముప్పై మంది ఉంటారు. ఎక్కువమంది నా వయసువాళ్లే. ఆమె తెర మీద బొమ్మలేమీ వేయలేదు. చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడింది. నా భార్యకు నచ్చేది. చివర్లో ఒక పెద్దాయన లేచి, ఇంతకీ చెప్పాలా వద్దా, ఒక్క ముక్కలో తేల్చండి మేడమ్ అన్నాడు. అందరూ నవ్వారు. అది తాను తేల్చేది కాదని, దాచిన వాళ్లను కాక, ఎవరి దగ్గర దాచారో వాళ్లను ఏం జరిగిందని అడగడమే తన పనని ఆమె చెప్పింది. ఆయన అసంతృప్తిగానే కూర్చున్నాడు.

టీ ఇస్తున్నప్పుడు ఆమె దగ్గరకు వెళ్లాను.

"అమ్మా, కొబ్బరినూనె సంగతి చెప్పినావిడ..." అని ఆగిపోయాను.

ఆమె కప్పు బల్ల మీద పెట్టింది. "ఎవరన్నది చెప్పకూడదు సార్. అవుననీ అనకూడదు, కాదనీ అనకూడదు. వాళ్లకి మాటిచ్చాను."

"ఎవరని అడగట్లేదమ్మా. ఇంకేమన్నా అందా అని."

"ఎపిసోడ్ చివరిదాకా విన్నారా సార్?"

లేదన్నాను.

"చివరి నాలుగు నిమిషాలు వినండి. అందులో ఒక ప్రశ్న తప్ప నా మాటలేమీ లేవు."

స్టేషన్లో బెంచీ మీద కూర్చుని విన్నాను. ఇప్పుడు మీవాళ్లు వచ్చి నిజం చెప్తే ఏం చేస్తారన్నది ఆమె అందరినీ అడిగిన చివరి ప్రశ్న. ఒకరిద్దరి జవాబుల తర్వాత అదే శుభ్రమైన గొంతు మొదలైంది.

"చెప్తే బావుణ్ననే ఉందండి. ఇవాళ చెప్తారేమోనని రోజూ చూస్తాను. నేనే అడిగితే తట్టుకోలేరు. ఇన్నాళ్లు పడ్డ పాటంతా పోయిందనుకుంటారు. కానీ ఆయన చెప్తేనే కదండీ నేనూ చెప్పగలిగేది. గ్యాస్ పుస్తకం ఎక్కడుంటుందో ఆయనకి తెలీదు. మోటారు ఆపే ముందు వాల్వు కట్టాలి, అదీ తెలీదు. నా చీరల్లో మా అమ్మవి రెండున్నాయి, ఎవరికివ్వాలో చెప్పాలి. ఊరికే చెప్తే ఇప్పుడెందుకివన్నీ అంటారు. అందుకని ఆయన నోరు విప్పేదాకా ఆగుతున్నానండి."

మోటారు ఆమె పోయిన రెండో నెలలో కాలిపోయింది. గ్యాస్ పుస్తకం బైబిలు కింద సొరుగులో ఉంది. అది దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. చీరలన్నీ ఒకే మూట కట్టి చర్చిలో స్త్రీల సమాజానికి ఇచ్చాను. వాళ్లమ్మవి రెండు అందులోనే వెళ్లాయి. ఎవరు కట్టుకుంటున్నారో తెలియదు. ఏ రెండో కూడా నాకు తెలియదు.

ఏడు నెలలు ఆమె ఎదురు చూసింది. నేను ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను. ఈ రెండు వాక్యాలకు మించి దీని గురించి రాయడం నాకు చేతకాదు. నేను ఎక్కవలసిన ప్యాసింజరు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. చూస్తూనే ఉన్నాను.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. అక్క వరండాలో కళ్లజోడు తుడుచుకుంటోంది. "ఏరా, ఇంతసేపు చెప్పారా? అంత లావు పాఠమా?" అంది. నేను లోపలికి వెళ్లి బియ్యం డబ్బా వెనకనుంచి సీసా తెచ్చాను. మిగిలిన సగం లేబుల్లో మందు పేరు చివరి అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆమె ముందు బల్ల మీద పెట్టాను.

"అక్కా, నీ జబ్బు పేరు చెప్తాను. వింటావా?"

అక్క సీసా వైపు చూసింది. తర్వాత నా వైపు. "కూచుని చెప్పు. నువ్వు నిలబడి చెప్తే భయమేస్తుంది."

కూర్చుని చెప్పాను. అక్కకు తెలియదు. నా భార్యకు తెలిసినట్టే ఈమెకూ తెలిసి ఉంటుందని, నా పని తేలికవుతుందని రైల్లో వస్తూ అనుకున్నాను. కాలేదు. ఆమె ముఖం నా కళ్లముందే మారిపోయింది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు చర్చికి రానంది. మేనల్లుడికి ఫోన్ చేసి చెప్తే, "ఎవరు చెప్పమన్నారు మీకు?" అని పెట్టేశాడు. పది రోజులు అతను నాతో మాట్లాడలేదు. అతను అన్నదే నిజమై, అక్క కుంగిపోతే ఏం చేయాలో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

మూడో రోజున అక్క నన్ను పిలిచి కాగితం, పెన్ను తెమ్మంది. జంగారెడ్డిగూడెం ఇంట్లో ఏ బీరువా తాళం ఎక్కడుందో చెప్పింది, రాసుకున్నాను. కోడలికి చెప్పవలసినవి కొన్ని, కొడుక్కి చెప్పవలసినవి కొన్ని. మధ్యలో ఆగి, "మరదలికి ఇలా చెప్పావా?" అని అడిగింది. లేదన్నాను. ఎక్కడిదాకా రాశావో చదవమంది. చదివాను.

ఆసుపత్రికి ఇప్పుడు ముందు గేటులోంచే వెళ్తున్నాం. మా ఇంట్లో మందు సీసాల మీద లేబుళ్లు గీకడం లేదు.