రికార్డులో లేని స్టాపులు

సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మా అన్న కంప్యూటర్ ముందు కూర్చుని హారన్ కొట్టేవాడు. రోజూ అదే వేళ. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, మెదక్‌లోని మా ఇంట్లో కూర్చుని ఆటలో బస్సు నడిపేవాడు. తెరమీద ఏదో మంచుదేశం. ఆయన మాత్రం "తూప్రాన్, తూప్రాన్! దిగేటోళ్లు ముందటికి రాండ్రి!" అని అరిచేవాడు.

"నేను దిగ. గీ చాయ్ తాగి పోనియ్ బండి" అనేది వంటింట్లోంచి వదిన.

ఎక్కడా గుద్దకుండా ఒక ట్రిప్పు నడిపి పాత డ్రైవర్ దోస్తులకు చూపించాలని ఆయనకు కోరిక. అందుకని ఆటను రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నాడు. రికార్డింగ్ నొక్కగానే సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో తెర మూలన చూపే ఫ్రేముల అంకె అరవై నుంచి నలభైకి పడిపోయేది. స్టీరింగ్ తిప్పిన కాసేపటికి గానీ బస్సు తిరిగేది కాదు. అప్పటికే గోడ.

రామాయంపేటలో కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాడు.

"గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే గద కాకా. ఆట బొమ్మ గదే గీయాలె, రికార్డు గూడ గదే చెయ్యాలె. డ్రైవరే టికెట్లు కొట్టినట్టు."

కండక్టర్ లేని సర్వీసు అన్నకు తెలుసు. జనం తక్కువైతే టికెట్ల పని తక్కువ. గదిలో వినపడే ప్రతి మాటనూ ఆ కార్డే రాసుకోవాలి కాబట్టి మాటలు తగ్గించాలని తేల్చాడు. నాకు అనుమానమే గానీ, నాకు మాత్రం ఏం తెలుసు? ఆ రోజు నుంచి నాలుగూ పదికి ఇంట్లో మాటలు బంద్. పాలాయన గేటు దగ్గరే నిలబడి గిన్నె తెమ్మని సైగ చేసేవాడు. చుట్టాలు చెప్పులు చేతబట్టుకుని లోపలికి వచ్చి, చప్పుడు కాకుండా నీళ్లు తాగేవారు. అన్న కూడా స్టాపులు పిలవడం మానేశాడు. ఒకరోజు అంకె నలభై రెండు చూపించింది. నావైపు తిరిగి మీసం దువ్వాడు.

ఆ చలికాలంలోనే అన్న గుండెపోటుతో పోయాడు.

కర్మలు అయ్యాక వదిన అడిగింది. "గా రికార్డులల్ల మీ అన్న గొంతు ఏమన్న ఉన్నదేమో చూడు."

అన్నీ చూశాను. ఇంజిన్ మోత, ఫ్యాను చప్పుడు, గోడకు గుద్దుకోవడం. ఒక్కచోట నేను తుమ్మాను. వెంటనే అన్న: "నీ తుమ్ముకు రెండు ఫ్రేములు పాయె కదరా!"

రామాయంపేట అతన్ని మళ్లీ అడిగాను. మాటల బరువు లెక్కలోకే రాదట. రికార్డింగ్ నాణ్యత కాస్త తగ్గించి ఉంటే సరిపోయేదట. "ఎంత గట్టిగ ఒర్రినా ఏం కాకపోతుండె సార్" అన్నాడు. ఆ మాట వదినకు చెప్పలేదు.

దొరికిన ముక్క మాత్రం వినిపించాను. ఆమె నవ్వింది.

"ఇంకోపారి తుమ్ము పెట్టు" అంది.

ఇప్పుడు నాలుగూ పదికి మా ఇంట్లో ఎవరూ మాటలు ఆపడం లేదు.