పదకొండో మంచం ఖాళీ కాలేదు

మెడలో కంపెనీ కార్డు వేలాడితే చాలు, ఇంజినీరు అయిపోయినట్టేనని బెంగళూరులో అందరమూ నమ్మిన కాలం అది. నేను మరీ ఎక్కువ నమ్మాను. (ఆదివారం కూరగాయలకు వెళ్ళినా కార్డు తీసేవాణ్ణి కాదు.) మహదేవపురలోని మా చిన్న కంపెనీ ఒక ఆస్పత్రికి వెబ్ పేజీ తయారుచేసింది. ఏ మంచం మీద ఎవరున్నారో, ఏది ఖాళీయో తెర మీద గడుల్లో కనిపించాలి. వివరం మారగానే గడి కూడా తనంతట తానే మారాలి. ఆ మార్పును కనిపెట్టే భాగం నాది.

అది మొదలుపెట్టిన రోజు టై కట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. తెర నిశ్చలంగా ఉంది. "చూశారా, ఎక్కడా కదలదు! స్టెబిలిటీ అంటే ఇదీ!" అని మా మేనేజరు పెద్ద డాక్టర్లకు చెప్పి, వాళ్ళతో టీకి వెళ్ళాడు. అంతలో కాలు విరిగిన పెద్దాయనను చక్రాల కుర్చీలో తెచ్చారు. తెర మీద ఒక్క మంచమూ ఖాళీ లేదు. రిసెప్షన్‌లో కూర్చున్నతను తెర చూసి, వేరే ఆస్పత్రికి వెళ్ళమన్నాడు. పెద్దాయన నొప్పితో మూలుగుతుంటే కూతురు ఆటో కోసం పరుగెత్తింది. అప్పుడొచ్చింది వార్డు సిస్టరమ్మ, తాతల కాలంలోనే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం మనిషి.

"ఏమప్పా, పదకొండో మంచం పొద్దున్నే ఖాళీ అయిండాది. కంప్యూటర్లో నేనే కొట్టినా. నీ డబ్బా ఇంకా మనిషి ఉండాడంటాదే?"

"డేటా సింక్ అవుతోంది సిస్టర్," అన్నాను. (అర్థంకాని మాట వింటే జనం వెళ్ళిపోతారని మేనేజరు నేర్పాడు.) ఆమె వెళ్ళలేదు. కూతుర్ని వెనక్కి పిలిపించి, పెద్దాయనను వార్డుకు పంపి, ఆయన పేరు కంప్యూటర్లో కొట్టి, నా పక్కనే కూర్చుంది.

"మారిందని ఇది ఎట్ల కనుక్కుంటాదప్పా?"

"పాత జాబితాను కొత్తదానితో పోల్చి చూస్తుందండీ."

"పాతది యాడ పెట్టినావు?"

చూపించబోయి ఆగిపోయాను. నేను పాతదానికి నకలు తీయనేలేదు! ఒకే జాబితాకు పాతదని, కొత్తదని రెండు పేర్లు పెట్టాను. ఏది మారినా రెండు పేర్ల కిందా మారిపోతుంది. నా ప్రోగ్రాము దాన్ని దానితోనే పోల్చి, తేడా లేదని పొద్దుటి నుంచీ సంతృప్తిగా చెబుతోంది.

"మేము డ్యూటీ మారేటప్పుడు నిన్నటి పేజీ అట్లే ఉంచి, కొత్త పేజీలో రాస్తామప్పా. ఉన్నదాని మీదే దిద్దితే ఏం మారిందో ఎవురికి తెలుస్తాది?"

ప్రోగ్రాములో నకలు తీసే ఒక్క వరుస రాశాను. పదకొండో గడిలో పాత పేరు పోయి పెద్దాయన పేరు వచ్చింది. సరిగ్గా అప్పుడే తిరిగొచ్చిన మేనేజరు "మార్పులను పసిగట్టే కొత్త వెర్షన్, మా ఇంజినీరు చేసింది!" అని ప్రకటించాడు. డాక్టర్లు చప్పట్లు కొట్టారు. నేను వినయంగా తలవంచి స్వీకరించాను. సిస్టరమ్మ అప్పటికే పెద్దాయన కాలికింద దిండు సర్దడానికి వెళ్ళిపోయింది.

ఆ చప్పట్ల మధ్య నిలబడ్డ ఇరవై మూడేళ్ళవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. 'సిస్టర్ చెప్పారండీ' అన్న రెండు మాటలు వాడి నోటికి ఎంత బరువయ్యాయో! అయినా వాణ్ణి గట్టిగా తిట్టలేను. వాడు ఆనాడు చెప్పని నిజాన్నే ఇంతకాలానికి తీరిగ్గా చెప్పి, ఇవాళ మీ దగ్గర మంచివాణ్ణనిపించుకుంటున్నాను కదా.